బోర్డు కట్టినవాడు

మళ్ళీ రెండుసార్లు నొక్కాను. బాణం పక్కన నీలం చక్రం కాసేపు తిరిగింది, ఇదిగో వచ్చేస్తున్నా అన్నట్టు ఊరించి మాయమైంది. తెర మీద అన్నయ్య పెట్టుకున్న దీఘా సముద్రం బొమ్మ, ఆ నీళ్ళ మీద కొత్తగా దిగిన పసుపుపచ్చ గుర్తు, నోరు తెరిచిన మనిషి తల, అంతే. పొద్దుటి నుంచి డౌన్‌లోడ్ అయింది, అన్నాలు తిన్నాక ఇన్‌స్టాల్ అయింది, విజయవంతంగా పూర్తయిందని గొప్పగా చెప్పింది కూడా. ఇప్పుడు తెరుచుకోనంటోంది. ఏ మొహం పెట్టుకుని విజయవంతం అన్నావే, సాయంత్రం లోకల్ బండికి మేం హౌరా వెళ్ళాలి, రేపు పొద్దున్న మా నాన్న గొంతు తీసేస్తారు. గొంతు తీసేస్తారని అనుకోగానే నా లెంపలు నేనే వేసుకున్నాను. స్వరపేటిక. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి, అందులో ఒక ముక్క చుట్టూ గీత గీసి, ఇది ఉండదు అన్నాడు. అది పోయాక నాన్న మాట్లాడడు. ఈ పసుపు గుర్తు తెరుచుకుని, ఈ గంటలో ఆయన చేత నాలుగు మాటలు పలికించుకుంటే, ఆ ముక్కలతో ఆయన గొంతు తయారుచేసి పెడుతుందట. తర్వాత ఆయన ఫోన్లో రాస్తే ఆయన గొంతుతోనే పలుకుతుందట. తెరుచుకోకపోతే ఆ గొంతు ఇంకెక్కడా ఉండదు. మా ఇంట్లో ఎవరికీ దాన్ని రికార్డు చేసి పెట్టుకోవాలని తోచలేదు. ఆయన నోరు మూస్తే చాలనుకునే ఇల్లు మాది.

నాన్న నా వెనక అన్నయ్య మంచం మీద కూర్చున్నాడు. పొద్దుటి నుంచి ఒక్క మాట లేదు. ఉన్న గొంతును పొదుపుగా వాడమంది ఏంజలిన్. ఆసుపత్రిలో మాట పోయినవాళ్ళకు మళ్ళీ మాట నేర్పే అమ్మాయి, ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో మన నీమ్‌పురా పేట తెలుగుపిల్లే. గరగరలాడినా పరవాలేదక్కా, మనిషి జాడ ఉంటే చాలు అంది. అందుకని నాన్న సైగలు చేస్తున్నాడు. అవీ ఇంట్లో మనుషులు చేసే సైగలు కావు, రైల్వే వర్క్‌షాపులో నేర్చినవి. చెయ్యి పైకెత్తి ఊపితే రానీ అని, అడ్డంగా చాపితే ఆపు అని. మంచినీళ్ళు కావాలంటే ఇంజన్ని వెనక్కి పిలిచినట్టు పిలుస్తాడు, అమ్మ గ్లాసు పట్టుకుని వస్తుంది. ఈ మనిషికి మౌనమేమిటి? ఉద్యోగం చేసినన్నాళ్ళూ సుత్తి దెబ్బల మధ్య బోగీల కింద నుంచి అరిచి అరిచి, ఇంటికొచ్చినా అదే గొంతు. మా నాన్న జగ్గారావు గుసగుసలాడితే మలంచా రోడ్డు మీద ఆటోవాడు తిరిగి చూసేవాడు. నా పెళ్ళి సంబంధం చెడిపోయిన సంగతి అమ్మకు చెవిలో చెప్పాడు. మర్నాడు పాలు పోసే దాదా నన్ను ఓదార్చాడు. ఆ గొంతంటే నాకెంత మంటో. ఈ నిశ్శబ్దంలో ఫ్యాను కిర్రుమంటుంటే ఆ మంట కావాలనిపిస్తోంది.

ఓపాలి ఆపి మళ్ళీ ఎట్టక్కా అంది ఏంజలిన్ ఫోన్లో. కంప్యూటరు ఆపి పెట్టాను. యాంటీవైరస్ ఆపమంది, ఆపాను. అడ్మినిస్ట్రేటరుగా తెరవమంది, తెరిచాను, కాదు, తెరవబోయాను. తీసేసి మళ్ళీ ఎక్కించమంది. ఎక్కించాను. మళ్ళీ విజయవంతం, మళ్ళీ సముద్రం. కిటికీ అవతల సాలువా వైపు నుంచి ఆకాశం నల్లబడుతోంది. కాల్‌బైశాఖి వచ్చేలా ఉంది, ఆ వేసవి గాలివాన వచ్చిందంటే ముందు పోయేది కరెంటే. గాలి ఇటు తిరిగినప్పుడు స్టేషను మైకు వినిపిస్తుంది. బెంగాలీలో ఒకసారి, హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, అదే ఆవిడ. నా చిన్నప్పటి నుంచీ అదే ఆవిడ. నంబర్లు వేరే చోటి నుంచి, ఊరి పేర్లు వేరే చోటి నుంచి తెచ్చి అతికిస్తారు, అందుకే ఒక్కో మాట మధ్య ఒక చిన్న గుంట పడుతుంది. ఆవిడ ఇప్పుడు బతికుందో లేదో. లేకపోయినా బండి ఆలస్యమైనందుకు విచారిస్తూనే ఉంటుంది. రేపటి నుంచి నాన్న కూడా ఇలాగే మాట్లాడతాడా, మాటకూ మాటకూ మధ్య గుంటలతో? అన్నంలో ఉప్పు తక్కువైంది అనడానికి అన్నం ఒక చోటి నుంచి, ఉప్పు ఒక చోటి నుంచి? అలాగైనా సరే, ముందు తెరుచుకోవే తల్లీ.

"ఏటే, తెరుసుకుందా?" అంది అమ్మ గుమ్మంలోంచి. ప్రయాణం సంచి చంకలో పెట్టుకునే తిరుగుతోంది.

"నేదమ్మా."

"ఆడుంటే సిటికిలో సేసీవోడు."

ఆ మాట అనకూడదని మా ఇంట్లో ఎవరూ నియమం పెట్టలేదు గానీ ఎవరూ అనరు. ఆడంటే అన్నయ్య, మోహనకృష్ణ. ఈ కంప్యూటరు వాడిదే, ఈ గది వాడిదే, ఈ పెద్ద స్పీకర్లు, ఈ మంచి మైకు, అన్నీ వాడివే. గోల్‌బజార్ షాపులవాళ్ళ పెళ్ళిళ్ళకు వీడియోలు కత్తిరించి అతికించి పాటలు వేసేవాడు. పనిలో ఉన్నప్పుడు మనిషి ఇక్కడ ఉండడు. అన్నానికి రారా అంటే తల తిప్పకుండా 'ఊఁ' అంటాడు. ఇల్లు తగలబడుతోందిరా అన్నా 'ఊఁ'. ముక్కులోంచి, కాస్త సాగదీసి, సరేలే అన్నట్టు ఒక 'ఊఁ'. రెండేళ్ళయింది. ఒక్క నిమిషంలో వస్తానని పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని స్కూటరు తీశాడు. రోడ్డు మలుపులో లారీ.

నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెరిచి చూడమంది ఏంజలిన్. చూశాను. ఉంది. పేరు ఉంది, పక్కన 'నడుస్తోంది' అని ఉంది. తెర మీద లేదు, కానీ నడుస్తోంది. కింద మూలన గడియారం పక్కన చిన్న మైకు బొమ్మ వెలుగుతోంది. దాని మీద బాణం పెడితే, ఈ ప్రోగ్రాము మీ మైకును వాడుతోంది అని వచ్చింది. అంటే కనపడకుండా కూర్చుని వింటోందన్నమాట. ఫ్యాను కిర్రుమనడం, నాన్న గొంతులో కఫం, అమ్మ సంచి జిప్పు, అన్నీ. అమ్మకు చెప్పాలా వద్దా అనుకుని, చెప్పలేదు. బాణాన్ని ఎడమవైపు లాగాను, అంచు దాటి పోయింది. ఈ కంప్యూటరులో బాణం ఎడమవైపు ఇలాగే పారిపోతుంది, రెండేళ్ళుగా. మౌసు పాడైందనుకుని కుడివైపు లాక్కొచ్చి పని చేసుకుంటున్నాను. ఎక్కడికి పోతోందని ఒక్కసారీ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించాను. ఎడమవైపు ఏముంది? ఎడమవైపు చూడకుండా ఉండడం ఎంత అలవాటైపోయిందో, మెడ తిప్పడానికి ధైర్యం చేయాల్సి వచ్చింది.

ఎడమవైపు తువ్వాలు ఉంది. తువ్వాలు కింద అన్నయ్య రెండో మానిటర్ ఉంది. తువ్వాలు మీద ఎర్ర రేకు బోర్డు వేలాడుతోంది, 'పని జరుగుతున్నది' అని మూడు భాషల్లో, నాలుగో భాషగా తెలుగులో నాన్న పెయింటుతో రాసింది. ఆ బోర్డు గురించి చెప్పాలంటే మా నాన్న చట్టం గురించి చెప్పాలి. ఆయన గ్యాంగులో బోగీ కింద దూరేవాడు ముందు ఆ బోర్డు బోగీకి తగిలించి దూరేవాడు. బోర్డు ఉన్నంతసేపు ఎవరూ ఇంజను తగిలించకూడదు, బోగీ కదపకూడదు. కట్టినవాడే విప్పాలి. ఎవడైనా మరిచిపోయి ఇంటికి పోతే మనిషిని పంపి పిలిపించేవారు, నాన్న ఓసారి పెళ్ళిపందిట్లోంచి లేచి వెళ్ళి విప్పొచ్చాడు, అదీ సొంత పెళ్ళి. ఇక ఏ దారీ లేకపోతే, గ్యాంగు మిస్త్రీ ఆ బోగీ పక్కన నిలబడి కట్టినవాడి పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. పిలిచి, ఊపిరి బిగబట్టి, లోపల నుంచి జవాబు వస్తుందేమోనని ఆగాలి. మూడోసారి కూడా రాకపోతే అప్పుడు విప్పాలి. చిన్నప్పుడు ఈ కథ విన్న రోజు నేనూ అన్నయ్యా మంచం కింద దూరి ఒకరినొకరు పిలుచుకునే ఆట ఆడాం. వాడు కావాలని మూడోసారికి పలికేవాడు. అప్పటికే నేను ఏడుపు మొదలుపెట్టేదాన్ని.

రిటైరైన రోజు నాన్న ఒక పాత బోర్డు ఇంటికి తెచ్చాడు. ఇంక ఇల్లంతా వర్క్‌షాపే. తడి పెయింటు తలుపుకు బోర్డు, ఊరుతున్న ఆవకాయ జాడీకి బోర్డు. ఓసారి అన్నయ్య రాత్రంతా తయారుచేస్తున్న పెళ్ళి వీడియోను అమ్మ తుడవడానికని ప్లగ్గు పీకి పాడుచేసింది, అప్పటి నుంచి వాడూ ఆ బోర్డే మానిటర్‌కి కట్టేవాడు. ఆ రోజు కూడా కట్టే వెళ్ళాడు. తర్వాత ఆ తెర అలా వెలుగుతూనే ఉంటే చూడలేక, బోర్డు కదలకుండా కింద నుంచి వేలు పెట్టి మీట నొక్కి, పై నుంచి తువ్వాలు దోపి, బోర్డును తువ్వాలు మీదికి జార్చింది అమ్మ. అంతే. కేబులు తీయలేదు, ముడి విప్పలేదు. రెండేళ్ళుగా అమ్మ ఆ బోర్డు చుట్టూ తుడుస్తోంది. చదువుకున్న నేను కూడా చుట్టూనే తిరుగుతున్నాను. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి, కట్టినవాడు ఇంకా రాలేదనా?

విసుగొచ్చి ఎంటర్ మీట మీద గట్టిగా గుద్దాను.

"వింటున్నాను" అంది గది.

ఆడగొంతు, నెమ్మదిగా, మెత్తగా, అన్నయ్య స్పీకర్లలోంచి. అమ్మ చంకలో సంచి కింద పడింది. నాన్న మంచం మీద నిటారుగా అయ్యాడు. తెర మీద సముద్రం అలాగే ఉంది.

"ఎవులే అది? లోపల ఎవులున్నారు?" అంది అమ్మ. నా జబ్బ పట్టుకుంది.

ఫోను స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాను. "ఏంజలిన్, అది మాట్లాడతన్నాది. వింటున్నానంటన్నాది. కనపడదు మాత్రం."

"అంటే తెరుసుకుందక్కా!" ఆ అమ్మాయి గొంతులో సంబరం. "రికార్డింగ్ కూడా మొదలెట్టీసుంటాది. రెండో తెర ఉంటే దాని మీద తెరుసుకోడం దానికలవాటు. ఇంకో మానిటర్ ఏదైనా తగిలించుందేటి?"

నేను తువ్వాలు వైపు చూశాను. అమ్మా అటే చూసింది.

"ఉంటే దాని తీగ పీకీ అక్కా. దానంతటదే ఇటొచ్చేస్తాది."

ఎంత తేలిక. తీగ పీకేయడం. నా చెయ్యి బల్ల వెనక్కి వెళ్ళింది, దుమ్ములో తీగ దొరికింది, వెచ్చగా ఉంది. మీట ఆపిన తెర తీగ వెచ్చగా ఎందుకుంటుందో నాకు తెలీదు, పక్కన కంప్యూటరు వేడే అయ్యుంటుంది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "బోర్డున్నాది" అంది. దెబ్బలాట లేదు, బతిమాలడం లేదు, ఉత్తినే గుర్తుచేసినట్టు అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. బోర్డేమిటమ్మా, గొంతు పోతోంది ఇక్కడ, ఉన్న మనిషి గొంతు పోతోంది, లేనివాడి బోర్డు పట్టుకుని వేలాడతావేమిటి అని అరవాలనిపించింది. అరవలేదు. ఎందుకంటే తీగ పట్టుకున్న నా వేళ్ళు కూడా లాగడం లేదు. బయట గాలి మొదలైంది, కిటికీ రెక్క టపటప కొట్టుకుంది, ట్యూబులైటు ఒకసారి ఆరి వెలిగింది.

నాన్న లేచాడు. చెయ్యి అడ్డంగా చాపాడు. ఆపు. తీగ వదిలేశాను. వచ్చి తువ్వాలు ముందు నిలబడ్డాడు, లుంగీ సర్దుకున్నాడు, వర్క్‌షాపులో నిలబడేవాడిలా కాళ్ళు ఎడంగా పెట్టాడు. విప్పేస్తాడనుకున్నాను. విప్పలేదు. గొంతు సవరించుకున్నాడు. అప్పుడర్థమైంది నాకు. అయ్యో వద్దు నాన్నా, ఉన్న కాస్తా అయిపోతుంది అనబోయాను.

"మోహనా!"

గోడలు అదిరాయి. ఎక్కడ దాచుకున్నాడో అంత గొంతు. ఆగాడు. తల కాస్త వంచి, చెవి తువ్వాలు వైపు పెట్టాడు. ఫ్యాను. గాలి.

"మోహనకిష్ణా!"

ఈసారి మధ్యలో చీలింది. ఆగాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఫోన్లో ఏంజలిన్ ఊపిరి కూడా వినిపించడం లేదు.

"ఓరి బావూ! బోర్డు ఇప్పుతన్నానురా!"

ఆగాడు. అంతసేపు ఎందుకు ఆగాడో, ఎంతసేపు ఆగాడో. మంచం కింద దూరిన చిన్నపిల్లలా నేను కూడా ఎదురుచూశాను, ఇప్పుడు పలుకుతాడు, వాడెప్పుడూ మూడోసారికే పలుకుతాడు. ఏమీ వినపడలేదు. నాన్న ముడి విప్పాడు, బోర్డు అమ్మ చేతికిచ్చాడు, తువ్వాలు తీశాడు. దుమ్ము లేచింది. నేను మీట నొక్కాను.

తెర వెలిగింది. అక్కడుంది. ఇంతసేపు ఆ గుడ్డ కింద, ఆ చీకట్లో, పూర్తిగా తెరుచుకుని ఉంది. రెండేళ్ళుగా తప్పిపోతున్న నా బాణం కూడా అక్కడే ఉంది. ఆకుపచ్చ గీత మా ఊపిరికి సన్నగా కదులుతోంది. ఆపు అన్నదాన్ని నొక్కాను. చక్రం తిరిగింది. 'ఐదుగురి గొంతులు గుర్తించాము. ఏ గొంతును ఉంచాలి? మిగిలినవి తొలగించబడతాయి' అని వచ్చింది. కింద ఐదు వరుసలు, ఒక్కోదాని పక్కన వినడానికి ఒక బొమ్మ.

మొదటిది నాన్న. రెండోది అమ్మ, ఎవులే అది అంటోంది. మూడోది నేను, అంత కీచుగా మాట్లాడతానని తెలీదు. నాలుగోది ఏంజలిన్. ఐదోది స్టేషను మైకు ఆవిడ అయ్యుంటుంది అనుకున్నాను, గాలి ఇటే ఉంది కదా. నొక్కకుండా అలాగే కూర్చున్నాను. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి ముందుకు పోనీ అన్నట్టు తట్టాడు.

నొక్కాను.

"ఊఁ."

ముక్కులోంచి, కాస్త సాగదీసి. అంతే ఉంది అందులో. కిటికీ రెక్క కావచ్చు, మానిటర్ మీది నుంచి తువ్వాలు జారిన చప్పుడు కావచ్చు, అమ్మ కొంగులోంచి తెలీకుండా వచ్చిన మూలుగు కావచ్చు. అమ్మ బోర్డును గుండెలకు హత్తుకుని నేల మీద చతికిలబడింది. ఎవరూ ఆ పేరు అనలేదు. నాన్న వంగి, తెర మీద ఆ ఐదో వరుస మీద వేలు పెట్టాడు. గోరు గాజుకు తగిలి టక్కుమంది.

"ఇది ఉంచు" అన్నాడు. గాలి తప్ప గొంతు లేదు. "నాదేటి, ముసిలి గొంతు. ఇది ఉంచీ తల్లీ."

ఒక్క 'ఊఁ'తో ఏ మెషినూ గొంతు తయారుచేయలేదని చెప్పొచ్చు. అది చెప్పాలనిపించలేదు. నాకూ ఉంచాలనే ఉంది, ఆ వరుస మీద బాణం పెట్టి కూర్చోవాలని, ఇంకోసారి, ఇంకోసారి నొక్కాలని ఉంది. ట్యూబులైటు మళ్ళీ ఆరి వెలిగింది. నాన్న మొహం ఆ తెర వెలుగులో పాలిపోయి ఉంది, గొంతు దగ్గర, రేపు కోసి తీసేసే గడ్డ కదులుతోంది. నాకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే అన్నాను.

"నీదే నాన్నా. పిలిసీవోడు నేకపోతే ఆడెవులికి పలకాల?"

మొదటి వరుస నొక్కాను. మిగిలిన నాలుగూ ఒకేసారి పోయాయి. ఏదీ చప్పుడు చేయలేదు.

తర్వాత నాన్న గుక్కెడు వేడినీళ్ళు తాగి, గొంతు తెచ్చుకుని చదవాల్సిన వాక్యాలు చదివాడు. 'నేను ఉదయాన్నే నిద్ర లేచాను' అని ఉంటే 'నాను పొద్దున్నే నెగిసినాను' అన్నాడు. దిద్దబోయి ఊరుకున్నాను. ఇంతకాలం ఎలా మాట్లాడాడో అలాగే మాట్లాడాలి మరి. గాలి పెద్దదై, నాలుగు చినుకులు రాల్చి హిజ్లీ మీదుగా వెళ్ళిపోయింది. కరెంటు పోలేదు. చివరి వాక్యం అయ్యేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. 'గొంతు తయారవుతోంది. రేపటి వరకు కంప్యూటరును ఆపవద్దు' అని వచ్చింది.

నాన్న అది చదివి, అమ్మ ముందు చెయ్యి చాపాడు. బోర్డు ఇమ్మని. అమ్మ ఇవ్వలేదు. చేతిలోంచి మెల్లగా తీసుకుని, రెండో మానిటర్‌కి, అదే చోట, కొత్త ముడి వేశాడు. లాగి చూశాడు.

"నాను కట్టినాను" అన్నాడు. "నానొచ్చి ఇప్పుతాను. అంతవరకూ ఎవులూ ముట్టకండి."

అమ్మ లేచి కళ్ళు తుడుచుకుంది, ఆ ముడిని తనూ ఒకసారి లాగి చూసింది. ఇద్దరూ సంచి పట్టుకుని ఆటో దగ్గరికి వెళ్ళారు. నేను కిటికీ మూశాను, ఫ్యాను ఆపాను. తెర ఒక్కటే వెలుగుతోంది, ఎర్ర బోర్డు దాని ముందు కాస్త ఊగుతోంది, ఊగడం ఆగేదాకా చూస్తూ గుమ్మంలో నిలబడ్డాను.

"రాధా!" అన్నాడు నాన్న వీధిలోంచి.

పలకలేదు. ఆ గరగర ఇంకోసారి వినాలనిపించింది.

"రాధారాణీ! బండి ఎల్లిపోతాదే!"

పక్కింటి దీదీ తలుపు తీసి చూసింది. మలంచా రోడ్డు దాకా వినిపించే ఉంటుంది. తాళం చెవి ఇంకా నా చేతిలోనే ఉంది. లోపల, ఆ గదిలో, ఏ చప్పుడూ లేదు. వీధిలో ఆయన మళ్ళీ గొంతు సవరించుకోవడం వినపడింది. మూడోసారి.

"వస్తన్నా నాన్నా, వస్తన్నా" అని అరుస్తూ, తలుపు సరిగ్గా పడిందో లేదో కూడా చూడకుండా పరుగెత్తాను.